ఘంటసాల గారు బీరువా పక్కన నిలబడ్డారు

గుంటూరు బ్రాడీపేటలో, మే నెల ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, ఇంటికొచ్చిన చుట్టాల నెత్తి మీద తిరుగుతున్న ఫ్యాను ఆపిన మనిషి మీద ఏ సెక్షను కింద కేసు పెట్టొచ్చో తెలిసిన ప్లీడర్లు ఉంటే చెప్పండి. ఫ్యానుతో ఆగలేదు. ఏసీ ఆపారు. ఫ్రిజ్ స్విచ్చి తీసేశారు. ముద్దాయి స్వయానా మా బావగారు. అక్క ముఖం చూసి ఊరుకుంటున్నాను.

ఇంతకీ కారణం, రెండు సీడీ ప్లేయర్లలో ఏది గొప్పదో తేల్చాలట. ఒకటి జపానుది, మూడున్నర లక్షలు. రెండోది ఇంగ్లండుది, తొమ్మిది లక్షలు. వారం రోజులు ఇంట్లో పెట్టుకుని వినండి, నచ్చితేనే డబ్బు కట్టండని హైదరాబాదు కొట్టువాడు పంపించాడు. తొమ్మిది లక్షల వస్తువు నచ్చలేదని చెప్పుకునే ధైర్యం ఎవడికీ ఉండదని వాడికి తెలుసు.

బావగారికి మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. ఎండుమిరపకాయని చెవి దగ్గర ఆడించి, లోపల గింజ మోగే తీరుని బట్టి తేమ ఎంతుందో చెప్పేస్తారు. రైతు ఒట్టేసినా నమ్మరు, ఆ గలగలనే నమ్ముతారు. అలాంటి చెవి! ఆ చెవి ఇప్పుడు రాత్రి పదింటికి యూట్యూబ్‌లో ఎవడో అమెరికావాడు చెప్పింది విన్నాక గానీ పొద్దున ఏమీ వినడం లేదు. "బ్యాక్‌గ్రౌండ్ ఎంత నల్లగా ఉందో చూశావా?" అంటారు. శబ్దానికి రంగేమిటి బావగారూ అంటే జాలిగా చూస్తారు. ఇంకో మాట 'గాలి'. వాయిద్యానికీ వాయిద్యానికీ మధ్య గాలి ఆడాలట. ఇంగ్లండు ప్లేయర్లో గాలి ఉందట, జపాను దాంట్లో ఉక్కపోతట. ఫ్యాను ఆపిన గదిలో ఈ మాట ఆయన ఏ మాత్రం తడబడకుండా అన్నారు.

అసలు సంగతి చూస్తే, సోనీ మొదటి సీడీ ప్లేయరుని జపానులో 1982 అక్టోబరు 1న అమ్మకానికి పెట్టింది. మామూలు సీడీ లెక్క ఇవాళ్టికీ అదే. సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ఒక్కో కొలతనీ 16 బిట్లలో రాసిపెట్టడం. దాంతో 20,000 హెర్ట్జ్ దాకా వస్తుంది. మనిషి చెవికి పై హద్దు అదే, అదీ కుర్రవాళ్ల చెవికి. అరవై దాటిన బావగారి చెవిలో పై అంతస్తులకి ఎప్పుడో తాళాలు పడ్డాయి. డిస్కు మీద రెండు మిల్లీమీటర్ల మేర అంకెలు చెరిగిపోయినా, మిగిలినవాటిని బట్టి పోయినవి మళ్లీ కట్టుకునే ఏర్పాటు సీడీలోనే ఉంది. రెండు వేల రూపాయల డీవీడీ ప్లేయరు కూడా ఆ పని నోరెత్తకుండా చేస్తుంది. తేడా అంటూ వస్తే ఆ అంకెల్ని మళ్లీ శబ్దపు కరెంటుగా మార్చే చోట రావాలి. వస్తుంది కూడా, చీమ తుమ్మినంత. ఆయన హాల్లో కింద నున్నటి టైల్సు, ఒక పక్క గోడంతా అద్దాల షోకేసు. శబ్దం వాటికి తగిలి బంతిలా ఎగురుతుంటే, అక్క ఉతికిన బొంతలు నాలుగు గోడకి వేలాడదీస్తే వచ్చే బాగు ఏ ప్లేయరూ తేలేదు. కానీ బొంతకి రివ్యూలు ఉండవు.

1999లో సూపర్ ఆడియో సీడీ వచ్చింది. అందులో సెకనుకి 28,22,400 సార్లు, ఒక్కో బిట్ చొప్పున. బావగారి దగ్గర అలాంటి డిస్కులు మూడున్నాయి. మూడోదానికి ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు.

సరే, సభ మొదలైంది. రిటైరైన ఇంజనీరుగారు, పిల్లల డాక్టరుగారు, బట్టల కొట్టాయన, నేను. సోఫా మధ్య సీటుకి నేల మీద సుద్దముక్కతో గీత గీసి ఉంది. అందులో కూర్చున్నవాడు తల తిప్పకూడదు, చెమట తుడుచుకోకూడదు. పాత సినిమా పాట పెట్టారు. ఘంటసాల గారిది, నలుపు తెలుపు కాలంది.

"కళ్లు మూసుకోండి. ఘంటసాల గారు ఎక్కడున్నారు?"

"మధ్యలో" అన్నారు ఇంజనీరుగారు, అమాయకంగా.

"అది జపాను దాంట్లో. ఇప్పుడు ఇంగ్లండుది పెడుతున్నా. ఎడం పక్క వినండి. బీరువా దగ్గర."

రెండు క్షణాలు నిశ్శబ్దం. "అవునండోయ్! బీరువా పక్కనే!" అన్నారు డాక్టరుగారు. "హ్యాండిల్ మీద చెయ్యేసినట్టు లేదూ?" అన్నాడు బట్టల కొట్టాయన. ఇక ఎవరూ ఆగలేదు. వయొలిన్లు దేవుడి గది గుమ్మంలో దొరికాయి. వేణువు టీవీ పైనుంచి వస్తోంది. ఇంజనీరుగారు వెనకబడిపోతానన్న కంగారులో తబలాని చెప్పుల స్టాండు దగ్గర కూర్చోబెట్టారు. "పాపం, అక్కడెందుకు కూర్చున్నాడండీ, లోపలికి రమ్మనండి" అని నేనంటే ఎవరూ నవ్వలేదు.

ఆ పాట మోనో. ఆ రోజుల్లో మన సినిమా పాటలు రికార్డు చేసింది అలాగే. పాటంతా ఒకే ట్రాకు. ఎడమ స్పీకర్లోనూ కుడి స్పీకర్లోనూ వచ్చేది అక్షరాలా ఒకే శబ్దం. అందులో ఎడమ లేదు, కుడి లేదు, బీరువా అసలే లేదు. ఇంకోటి కూడా చూశాను. జపాను ప్లేయరుకి మామూలు ఆర్‌సీఏ వైరు, ఇంగ్లండు దానికి లావుపాటి బ్యాలెన్స్‌డ్ వైరు. చాలా ప్లేయర్లలో మొదటి దారిన 2 వోల్టులు వస్తే రెండో దారిన 4 వస్తాయి, అంటే అదే పాట ఇంకా గట్టిగా మోగుతుంది. వాల్యూమ్ సరిచూడకుండా మార్చి మార్చి వింటే గట్టిగా మోగేదే గొప్పగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఇదంతా చెప్పాను. బావగారు ఓపిగ్గా విని, "నీకు ఇంకా చెవి తయారవలేదోయ్" అన్నారు.

పోయినేడు ఆయన కూతురి పెళ్లిలో నా చెవి బాగానే తయారై ఉంది. చిలకలూరిపేట నుంచి సన్నాయి మేళం వచ్చింది, నలుగురు మనుషులు. సన్నాయికి ఆ ఊరికెంత పేరుందో మన వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారు ఇదే వాద్యంతో 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి అందుకున్నారు. మా మేళంలోని పెద్దాయన సన్నాయి పీకని పెదాలతో తడుపుకుని కళ్యాణి రాగం ఎత్తుకున్నాడు. నాలుగడుగుల దూరం. ఊపిరి తీసుకున్నప్పుడు దవడ కింద నరం లేవడం కనబడుతోంది. సరిగ్గా అప్పుడు మా బావగారు చెయ్యి ఊపుతూ వచ్చి, "ముహూర్తం టైముకి వాయిద్దువుగానిలే, డ్రోన్ వాళ్లు వీడియో తీసుకుంటున్నారు, కాసేపు ఆపవయ్యా" అన్నారు. ఆయన సగం రాగంలో ఆపేశాడు. పక్కన డీజే మొదలైంది. పొద్దున పంపించేటప్పుడు ఇరవై రెండు వేలకి ఒప్పుకున్న మేళానికి, "మీరు వాయించింది ఎంతసేపు?" అని లెక్కగట్టి పద్దెనిమిది చేతిలో పెట్టారు. వాయించనివ్వంది ఎవరు? నాలుగు వేలు మిగుల్చుకున్న ఆ చేత్తోనే తొమ్మిది లక్షల డబ్బాకి పట్టుగుడ్డ కప్పుతున్నారు. ఆ పెద్దాయన డబ్బులు లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకున్నాడు. అది చూస్తూ నేను గమ్మున నిలబడ్డాను, నాదీ సిగ్గులేని బతుకే. గాలి కావాలట, గాలి! నలుగురు మనుషులు ఊపిరితిత్తులు పణంగా పెట్టి ఊదిన గాలి గుమ్మంలోకొస్తే వద్దన్నవాడికి ఇంగ్లండు గాలి కావలసి వచ్చింది.

ఎక్కడున్నాం? సభలో. ఇంగ్లండు ప్లేయరుకి నాలుగోట్లు పడ్డాయి. నాది కూడా, చెమటకి తట్టుకోలేక వేశాను. దానికి తగ్గ కరెంటు వైరు విడిగా కొనాలట, అరవై వేలు.

అంతలో అక్క వంటింట్లోంచి దోసెల పిండి గిన్నె పట్టుకుని వచ్చింది. పిండి పొంగి అంచులు దాటి కారుతోంది. ఎవరితోనూ ఏమీ అనలేదు. ఫ్రిజ్ స్విచ్చి వేసి, హాల్లోకొచ్చి ఫ్యాను ఐదులో పెట్టి వెళ్లిపోయింది.

డాక్టరుగారు కళ్లు మూసుకునే ఉన్నారు. "అబ్బ, ఇప్పుడు గాలాడుతోందండీ" అన్నారు.

"నేను మొదట్నుంచీ చెబుతున్నది అదేగా" అన్నారు బావగారు.