మొదటి ప్రాజెక్టును వెంటనే నిషేధించాలి

గుంటూరు బ్రాడీపేటలో ఏ లైన్లో నిలబడి తలెత్తినా ఏదో ఒక కోచింగ్ బోర్డు కనిపిస్తుంది. ఫీజు కట్టాం, క్లాసులో కూర్చున్నాం, నోట్సు రాసుకున్నాం, సర్టిఫికెట్ తెచ్చుకుని లామినేషన్ చేయించాం. ఇంత చక్కటి ఏర్పాటు సాఫీగా నడుస్తుంటే, ఈమధ్య కొందరు బయల్దేరి, ప్రోగ్రామింగ్ రావాలంటే చిన్నదైనా సరే సొంతంగా ఒక ప్రాజెక్టు చేయాలని పిల్లల చెవుల్లో ఊదుతున్నారు. దీనివల్ల కొంపలు ఎలా మునుగుతున్నాయో ప్రజల దృష్టికి తేవడం నా కర్తవ్యం.

క్లాసులో ఉన్న సుఖం చూడండి. మొదటి రోజు తెర మీద 'హలో వరల్డ్' అని వస్తుంది. 1978లో వచ్చిన సి భాష పుస్తకం పుణ్యమా అని లోకమంతా పాకిన ఆనవాయితీ ఇది. మనం ప్రపంచాన్ని పలకరించాం, ప్రపంచం తిరిగి ఏమీ అడగలేదు. ఆ తర్వాత మాస్టారు బోర్డు మీద రాసింది రాస్తే, మాస్టారికి వచ్చిన జవాబే మనకూ వస్తుంది. ఎవరికీ టెన్షన్ లేదు.

ప్రాజెక్టు అలా కాదు. మా మేనల్లుడి సంగతే తీసుకోండి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కోర్సు సగంలో ఉండగా వాడికి ఈ పురుగు కుట్టింది. వాళ్ల పెదనాన్నకు మిర్చి యార్డులో కమీషన్ దుకాణం ఉంది. రైతు తెచ్చిన టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, ఒక్కోటీ కాటా వేసి, బరువులు కూడి, క్వింటా ధరతో లెక్కకట్టి, ఖర్చులు తీసేసి బిల్లు ఇవ్వాలి.

"దీనికి ప్రోగ్రామ్ నేను రాస్తా పెదనాన్నా" అన్నాడు.

"రాస్తే రాయి గానీ, నా పుస్తకాలు మాత్రం ముట్టుకోమాక" అన్నాడాయన.

మొదట రెండే టిక్కీలతో చూశాడు. ఒకటి 45 కేజీలు, ఇంకోటి 46. కూడమంటే 4546 అంది. పైథాన్ మనల్ని అడిగి తీసుకున్నది ఏదైనా సరే, దానికది ఉత్త అక్షరాల వరస. 'ఇంట్' అని చెప్పి అంకెగా మార్చేదాకా 45 పక్కన 46 అంటించి చేతులు దులుపుకుంటుంది. ఈ ముక్క క్లాసులో చెప్పారు. మావాడు పరీక్షలో రాసి ఫుల్ మార్కులు కూడా తెచ్చుకున్నాడు. అయినా అర్ధరాత్రి దాకా తల పట్టుకుని కూర్చున్నాడు. మార్కులొచ్చిన పాఠం మనకు రాలేదని మొహం మీదే చెప్పే అధికారం ఒక యంత్రానికి ఎవరిచ్చారండీ?

ఆ 'ఇంట్' పెట్టాక పెదనాన్న గారు కూర్చుని, పద్ధతిగా '45 కేజీలు' అని కొట్టారు. వాల్యూ ఎర్రర్ అంటూ ప్రోగ్రామ్ ఆగిపోయింది. యార్డులో ఆయన మాటకు ఎదురుండదు, కానీ దానికి ఆ భయం లేదు. పక్కనే ఉన్న తాతయ్య, రిటైరైన తెలుగు మాస్టారు, ఎగతాళికి తెలుగు కీబోర్డు పెట్టించుకుని '౪౫' అని కొట్టారు. మాట్లాడకుండా తీసుకుంది! క్యాలెండర్లలో కూడా మనం చదవడం మానేసిన అంకెలు దానికి వచ్చు. కేజీలంటే మాత్రం తెలియదట.

అసలు గొడవ పదో టిక్కీ దగ్గర వచ్చింది. పైథాన్‌లో రేంజ్ అని 1 నుంచి 10 దాకా తిరగమంటే, 9 దగ్గరే ఆగుతుంది. చివరి అంకె లెక్కలోకి రాదు. పది టిక్కీల రైతుకు తొమ్మిదింటికే బిల్లు వచ్చింది. లెక్క సున్నాతో మొదలవ్వాలి, చివరి అంకె బయటే ఉండాలి అని 1982లో కాగితం మీద వాదించి పెట్టినాయన డైక్‌స్ట్రా అనే కంప్యూటర్ శాస్త్రవేత్త. పైథాన్ చేసిన గిడో వాన్ రోసమ్‌ది కూడా ఆయన దేశమే, నెదర్లాండ్స్. ఇది యాదృచ్ఛికమని నమ్మేవాళ్లు నమ్మొచ్చు. అన్నట్టు ఆ పైథాన్ కూడా 1989 క్రిస్మస్ సెలవుల్లో ఊసుపోక మొదలుపెట్టి 1991లో బయటికి వదిలిన సొంత ప్రాజెక్టే. ఆయన బ్రాడీపేటలో పుట్టుంటే, ఆ సెలవుల్లో ఏదో ఒక క్రాష్ కోర్సులో చేర్చి ఈ ఉపద్రవాన్ని మొగ్గలోనే తుంచేసేవాళ్లం.

ఇంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. ప్రాజెక్టు మొదలుపెట్టక ముందు ఏ పెళ్లిలో ఎవరు "పైథాన్ వచ్చా బాబూ?" అన్నా, మావాడు "వచ్చండీ" అనేవాడు. ఇప్పుడు "కొంచెం కొంచెం" అంటున్నాడు. కట్టిన ఫీజుకు ఇదా ఫలితం? మా అక్కయ్య బంధువుల ముందు తలెత్తుకోలేకపోతోంది. అందుకే నా మనవి ఏమిటంటే, కోర్సు పూర్తయి సర్టిఫికెట్ చేతికందేదాకా ఏ విద్యార్థీ సొంతంగా ఒక్క లైను కూడా రాయకుండా చట్టం తేవాలి. ఆ తర్వాత మాత్రం ఎందుకు రాయాలి అని ఎవరైనా అడిగితే, నా దగ్గర జవాబు లేదు, నేనూ వాళ్ల పక్షమే.

మావాడు మాత్రం మొండివాడు. తప్పులన్నీ ఒక్కొక్కటే పట్టుకుని సరిచేశాడు. చేత్తో రాసిన బిల్లుకూ దీనికీ తేడా లేదు. దుకాణంలో అందరినీ పిలిచి చూపించాడు. ఈ కథంతా విన్న ఒక రైతు, "బాబూ, రెండు టిక్కీలు 4546 కేజీలు తూగిన ఆ మొదటిదానికి ఏం తక్కువైంది?" అన్నాడు. అందరూ నవ్వి ఎవరి పనికి వాళ్లు వెళ్లాక, పెదనాన్న వాణ్ని పక్కకు పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఒరే, ఆ పదో టిక్కీ లెక్కలోకి రానిది ఉంది చూడు... అది తీసేశావా, ఎక్కడన్నా దాచావా?"