రన్‌కు 645 అర్థాలున్న మాట నిజమే, బట్టీ పట్టాలన్నదే అబద్ధం

తిరుపతిలో ఇంటర్ పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "ఇంగ్లీషులో రన్ అనే ఒక్క మాటకే 645 అర్థాలు. అవన్నీ బట్టీ పట్టకపోతే ఇంగ్లీషు రాదు. మన తెలుగులో ఒక మాటకు ఒకటే అర్థం, ఆ గొడవే లేదు" అని. ఇందులో అంకె ఒక్కటే నిజం.

ఆ అంకె ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ వాళ్లది. 2011లో తేల్చారు, అదీ క్రియగా వాడినప్పటి లెక్క మాత్రమే. పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడికి ఆ ఒక్క మాటతోనే తొమ్మిది నెలలు గడిచాయి. 1989 నాటి ముద్రణలో 430 అర్థాలతో 'సెట్' ముందుండేది. అయితే అది మాటల చరిత్ర చెప్పే నిఘంటువు. ఎప్పుడో వాడుక తప్పినవాటినీ వదలదు, కొంచెం తేడా కనిపించినా వేరే అంకె వేస్తుంది. ఇంగ్లండులో పుట్టి పెరిగినవాళ్లు కూడా అవన్నీ కంఠతా పట్టరు.

నాకు కోపం తెప్పించింది బట్టీ సంగతి. నా దగ్గర చదువుకునే ఒక అమ్మాయి నోటుబుక్కులో ఇలా రాసుకొచ్చింది: రన్ – పరుగెత్తు, రన్ – నడుపు, రన్ – కారు. వాక్యం ఒక్కటీ లేదు. "ఏం కారమ్మా ఇది?" అంటే "బండి సార్" అంది. ముక్కు కారడం, కుళాయి కారడం అని పక్కనే రాసుంటే పాపం ఆ పిల్లకు ఈ తిప్పలు ఉండేవా?

తెలుగులో ఒక మాటకు ఒకటే అర్థమా? తిరుమలలో గుండు కొట్టించుకుంటాం, అఖిలాండం దగ్గర టెంకాయ కొడతాం. బస్సులో కండక్టరు టికెట్ కొడతాడు. చిత్తూరు వైపు మామిడి తోటల్లో మందు కొడతారు. బండికి పెట్రోలు కొట్టిస్తాం, ఎండ కొడుతోందంటాం. ఇవి మనకెవరూ జాబితా రాసి నేర్పలేదు. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువు తీసి 'కొట్టు' అనే ఈ ఒక్క మాట చూడండి, ఎన్ని అర్థాలిచ్చాడో.

ఇంకో సంగతి. బస్సు నడుస్తుంది, హోటలు నడుపుతారు, మిల్లు నడుస్తుంది. వీటిలో కాళ్లతో నడిచేది ఒక్కటీ లేదు. సరిగ్గా ఈ మూడు చోట్లా ఇంగ్లీషువాళ్లు రన్ అంటారు. మనం 'నడుచు' అనేచోట వాళ్లు 'రన్' అంటారని ఇలా జత కలిపి చెబితే పదో తరగతి పిల్లలకైనా ఒక్క పూటలో వచ్చేస్తుంది.