పాడిందే పాడే మలి సమీక్ష గారికి

మహారాజశ్రీ మలి సమీక్ష గారి దివ్య సముఖానికి,

నమస్కారాలు. తమరు క్షేమమేనా అని అడగనక్కర్లేదు. పాత పాటల మీద ఏటా మళ్ళీ మళ్ళీ రాసే సమీక్ష కదా తమరు, ఈ నెల పత్రిక సంచికలో రెండు నిండు పేజీల్లో దర్శనం అయింది. అట్ట మీద మాత్రం ‘కొత్త ఆల్బమ్‌ల సమీక్షలు’ అని పెద్ద అక్షరాలతో వేశారు. సినిమాతో పని లేకుండా కుర్రవాళ్ళు ముగ్గురు సొంతంగా చేసిన పాటలు బాగున్నాయని ఎవరో చెప్పారు. చదువుతూ విందామని ఆదివారం మధ్యాహ్నం కునుకు మానుకుని, ఇయర్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాను. పేజీ తిప్పాను. శంకరాభరణం. మళ్ళీ. కొత్తవాళ్ళ సంగతి చిట్టచివర చిన్న అక్షరాల్లో ఉంది: స్థలాభావం వల్ల వచ్చే సంచికలో.

ఆ స్థలం ఎవరి పాలయిందో వేరే చెప్పాలా?

శంకరాభరణం గిట్టని వాళ్ళలో నన్ను జమకట్టకండి. ఆ పాటలు నాకు కంఠతా వచ్చు. చిక్కల్లా తమరి వ్యాసం కూడా కంఠతా వచ్చేయడమే. 1980 ఫిబ్రవరి 2న విడుదల. మొదట్లో ఖాళీ హాళ్ళు, తర్వాత ఇసుక వేస్తే రాలని జనం. ఈ పాటలు మొదట ఎవరితో పాడిద్దామనుకున్నారన్న కథ. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని బాలసుబ్రహ్మణ్యం గారు, సంగీత దర్శకుడు మహదేవన్ గారి సహాయకుడు పుహళేంది గారి దగ్గర కూర్చుని సాధన చేసిన కథ. ముందు సాహిత్యం, ఆ తర్వాతే బాణీ అన్న మహదేవన్ గారి పద్ధతి. ఆపైన రాగాల పట్టిక: ఇది హిందోళం, అది మధ్యమావతి, ఇంకొకటి బిలహరి. చివర ‘ఇలాంటి పాటలు ఇక రావు’ అని ఒక నిట్టూర్పు, ఐదు నక్షత్రాలు, స్వస్తి.

ఈ చెప్పినవాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఏటా అదే విస్తట్లో అదే వడ్డన ఏమిటండీ?

మా ఇంట్లో తద్దినం ఇలాగే జరుగుతుంది. అదే తిథి, అవే మంత్రాలు, అవే గారెలు. కాకపోతే ఆ తంతులో ఒక నిక్కచ్చితనం ఉంది. పేరూ గోత్రమూ చెప్పకుండా ఒక్క పిండం కూడా పెట్టరు. పోయినవాళ్ళలో ఒకరిని వదిలేశామని తెలిస్తే బ్రహ్మగారు మళ్ళీ మొదటికి వస్తారు. తమరికి ఆ పట్టింపు కూడా లేదు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. వాణీ జయరాం గారు.

తమరి ప్రతి అవతారంలోనూ ఆవిడకు దక్కేది ఒకే ఒక్క వాక్యం: ‘వాణీ జయరాం కూడా చక్కగా పాడారు.’ ఈ నెలా అంతే, రెండో పేజీ చివర, ప్రకటన పక్కన. ఆ పాటలకు వచ్చిన జాతీయ పురస్కారాలు మూడు. ఒకటి మహదేవన్ గారికి, ఒకటి బాలసుబ్రహ్మణ్యం గారికి, ఒకటి ఆవిడకు. మొదటి ఇద్దరికీ పేరాల మీద పేరాలు. ఆవిడ మాత్రం ఊరేగింపులో వెనకాల గొడుగు పట్టుకుని వచ్చినట్టు రాస్తారు.

ఒక్కసారి ‘దొరకునా ఇటువంటి సేవ’ ఆఖరికి రండి. కచేరీలో శంకరశాస్త్రి పాడుతున్నాడు. గుండెపోటు వస్తుంది, గొంతు పట్టు తప్పుతుంది, పాట తెగుతుంది. తెగిన చోటి నుంచి శిష్యుడు అందుకుంటాడు. ఆ పిల్లవాడి వేషం వేసింది తులసి అనే ఆడపిల్ల. ఆ గొంతు వాణీ జయరాం గారిది. అప్పటికి ఆవిడ వయసు ముప్ఫై దాటింది. ఆవిడ చిన్నపిల్లవాడై, పోతున్న గురువు నోటి నుంచి జారిన పాటను మధ్యలో పట్టుకుని ఒడ్డుకు చేర్చాలి. తన విద్వత్తు అంతా చూపిస్తే పిల్లవాడు మాయమవుతాడు. ముద్దుముద్దుగా పాడితే గురువు పాట పరువు పోతుంది. ఆవిడ ఎటూ ఒరగలేదు. విద్య శిష్యుడికి అందింది అన్నదే కదా ఆ కథ? అందిందని మనం నమ్మేది ఎవరో చెప్పిన మాటల వల్ల కాదు, ఆ గొంతు వల్ల. ఆ గొంతు తప్పితే సినిమా అక్కడే కూలిపోతుంది.

దీనికి ‘కూడా చక్కగా పాడారు’ అనా బిరుదు?

2023 ఫిబ్రవరి 2న దర్శకుడు విశ్వనాథ్ గారు వెళ్ళిపోయారు, సరిగ్గా ఆ సినిమా విడుదలైన తేదీనే. రెండు రోజులకు, 4న, వాణీ జయరాం గారు వెళ్ళిపోయారు. అంతకు కొద్ది రోజుల ముందే ఆవిడకు పద్మభూషణ్ ప్రకటించారు. చేతికి అందనే లేదు. ఆ వారం శంకరాభరణం సమీక్షలు వరద కట్టాయి. కంటబడినవన్నీ చదివాను, ఈసారైనా ఎవరో ఒకరు ఆ గొంతు మారే చోట ఆగి వింటారని. అప్పుడు తమరు... కాదు, నువ్వు ఏం చేశావు? ఒక వాక్యాన్ని రెండు చేశావు. చక్కగా పాడారు, ఆత్మకు శాంతి కలగాలి. అంతే. మళ్ళీ పుహళేంది గారి కథలో పడ్డావు.

నువ్వు పాటలు వినడం లేదు. పాత సమీక్షలు చదివి కొత్త సమీక్ష రాస్తున్నావు. వింటే, ‘మానస సంచరరే’ సదాశివ బ్రహ్మేంద్రులదనీ, ‘బ్రోచేవారెవరురా’ మైసూరు వాసుదేవాచార్యులదనీ తెలిసేది. అవి కూడా తీసుకెళ్ళి వేటూరి గారి ఖాతాలో వేశావు. ఆయన సొంత ఆస్తి తక్కువైందా, పరాయి సొమ్ము కట్టబెట్టడానికి?

కొత్త తరానికి తెలియాలి కదా అంటారు నీ వకీళ్ళు. ఏ కొత్త తరం? నువ్వు ‘వచ్చే సంచిక’లోకి నెట్టిన ముగ్గురూ ఎవరు మరి? ఇరవై ఏళ్ళు పోయాక వాళ్ళకూ మలి సమీక్ష రాస్తావు కాబోలు. తొలి సమీక్ష లేకుండా మలి సమీక్ష ఎలా రాస్తావో అదీ చూస్తాను.

రెండోసారి రాయడమే తప్పని నేను అనడం లేదు. అమెరికాలో పిచ్‌ఫోర్క్ అనే సంగీత పత్రిక, డాఫ్ట్ పంక్ అనే ఫ్రెంచి జంట ‘డిస్కవరీ’ ఆల్బమ్‌కు 2001లో పదికి 6.4 వేసింది. 2021లో మళ్ళీ తూచి పదికి పది చేసింది. లిజ్ ఫెయిర్ అనే గాయని ఆల్బమ్‌కు వేసిన సున్నాను ఆరు చేసింది. కొన్నిటికి కోత కూడా పెట్టింది. ఆ మార్కులతో నువ్వూ నేనూ ఏకీభవించనక్కర్లేదు. అప్పటి చెవి వేరు, ఇప్పటి చెవి వేరు అని అచ్చులో ఒప్పుకున్నారు చూడు, అదీ మలి సమీక్ష అంటే. నీ నక్షత్రాలు మాత్రం ధ్రువ నక్షత్రాలు. కదలవు, మెదలవు.

పోనీ పాతదే కావాలనుకుంటే ఇళయరాజా గారి ‘హౌ టు నేమ్ ఇట్’ ఉంది, 1986 నాటిది. త్యాగరాజస్వామికీ పాశ్చాత్య స్వరకర్త బాఖ్‌కీ కలిపి అంకితం ఇచ్చారు. దాని గడప తొక్కవు. అందులో పాడేవాళ్ళు లేరు, ఎత్తి రాసుకోవడానికి చరణాలు లేవు, చెప్పుకోవడానికి షూటింగు ముచ్చట్లు లేవు. చెవులు పెట్టుబడి పెడితే తప్ప ఒక్క వాక్యం పుట్టదు. నీ దగ్గర లేనిదే అది.

మళ్ళీ ఫిబ్రవరి 2 వస్తుంది. నీకు పిలుపు అక్కర్లేదు, నువ్వూ వస్తావు. అందుకే ఈసారి నీకంటే ముందు నేనే ఒకటి రాసి సంపాదకులకు పంపుతున్నాను. మొదటి పేరా వాణీ జయరాం గారు. రెండో పేరా వాణీ జయరాం గారు. మూడు, నాలుగు, ఐదు పేరాలు ‘దొరకునా’లో గొంతు మారే చోటు. పుహళేంది గారి కథ లేదు, రాగాల పట్టిక లేదు, నిట్టూర్పు లేదు. ఇక రెండో పేజీ చివర, ప్రకటన పక్కన పట్టేటట్టు ఒక్క వాక్యం పెట్టాను. బాలు గారి అభిమానులు (నేనూ వాళ్ళలో ఒకణ్ణే, ఆయన ఉండి ఉంటే పగలబడి నవ్వేవారు) కాస్త ఓర్చుకోవాలి:

‘ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం కూడా చక్కగా పాడారు.’

ఇట్లు,
రెండు చెవులూ ఉన్న పాఠకుడు