ప్రసూతి జీతం ఒక్క యజమాని నెత్తినే ఎందుకు?

ఉద్యోగం అడగడానికి వచ్చిన అమ్మాయిని "పెళ్లయిందా? పిల్లలెంత మంది?" అని ఆరా తీయడం నల్లగొండలో, మిర్యాలగూడలో, మహబూబ్‌నగర్‌లో ఎవరికీ కొత్త కాదు. ఈమధ్యే పెళ్లయిందంటే "చూసి ఫోన్ చేస్తాం" అంటారు. ఆ ఫోన్ రాదు. యజమానులది మగబుద్ధి అని తిట్టేసి ఊరుకోవచ్చు. ఆ బుద్ధి ఉంది, కాదనను. కానీ దానికి లెక్కల సాయం చేసి పెడుతున్నది మన చట్టమే.

2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి మొదటి ఇద్దరు పిల్లలకు సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచిన సంగతి అందరికీ తెలిసిందే. పదిమంది పనిచేసే చోట, కాన్పు తేదీకి ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసిన ప్రతి మహిళకూ పూర్తి జీతంతో సెలవు. బాగుంది. మరి ఆ డబ్బు ఎవరిస్తారు? యజమాని, ఉద్యోగి ఇద్దరూ చందా కట్టే ప్రభుత్వ బీమా ఈఎస్‌ఐలో ఆమె లేకపోతే మొత్తం యజమానే ఇవ్వాలి. బండ్ల షోరూమ్‌లో నెలకు 25 వేలకు పనిచేసే అకౌంటెంట్ సెలవు పెడితే ఆరు నెలలకు లక్షన్నర. ఆమె సీట్లో కూర్చోబెట్టిన మనిషికిచ్చే జీతం దీనికి అదనం.

ఇప్పుడు అదే షోరూమ్‌లో 14 వేలకు పనిచేసే సేల్స్‌గర్ల్‌ను చూడండి. జీతం 21 వేల లోపు కాబట్టి ఈఎస్‌ఐలో ఉంటుంది. యజమాని వాటా 3.25 శాతం, అంటే నెలకు 455 రూపాయలు. ఆమె జీతంలోంచి పోయేది 105. ఆమె కాన్పుకు వెళ్తే 26 వారాల జీతం ఈఎస్‌ఐ కార్పొరేషన్ ఇస్తుంది, యజమాని గల్లాపెట్టె తెరవక్కర్లేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. అదే జీతానికి మగవాడిని పెట్టుకున్నా యజమాని కట్టేది అదే 455. ఆడమనిషిని వద్దనుకుంటే ఒక్క రూపాయీ మిగలదు. వివక్షకు లాభం లేకుండా చేసే ఏర్పాటు ఇది. అలాంటిది, ఆమె జీతం 21 వేలు దాటి కొన్ని నెలలు గడిచాక ఈ రక్షణ పోతుంది, ఆమె యజమానికి బరువవుతుంది. ప్రమోషన్ ఇస్తే ఖర్చు పెరిగే మనిషిగా ఆడవాళ్లను మార్చిపెట్టాం. ఈ 21 వేల గీతను పైకి జరపాలని నేననేది అందుకే.

బ్రిటన్‌లోనూ ప్రసూతి వేతనాన్ని ముందు యజమానే ఇస్తాడు, 39 వారాల దాకా. కానీ అందులో కనీసం 92 శాతం ప్రభుత్వానికి కట్టాల్సిన దాంట్లోంచి మినహాయించుకుంటాడు. చిన్న సంస్థలకైతే మొత్తం వెనక్కి వచ్చి, పైన ఇంకొంత కలుస్తుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒప్పందం కూడా ఈ భారం విడివిడిగా యజమానుల మీద పడకూడదనే చెబుతుంది. మనం దాన్ని ఆమోదించలేదు. పెంచిన సెలవులో 7 వారాల జీతం యజమానులకు తిరిగిస్తామని 2018లో ఢిల్లీలో ఒక మాట వినిపించింది. మాటగానే మిగిలింది.

"ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో మందులే దొరకవు, ఇంకా అందరినీ అందులో తోస్తారా?" అంటారు కొందరు. వాళ్ల కోపం సబబే. కానీ మందుల కొరత వేరు, బ్యాంకు ఖాతాలో పడే జీతం వేరు. డిస్పెన్సరీలో మందులు ఎప్పుడూ తీసుకోని మనిషికి కూడా కాన్పు డబ్బు హక్కే. జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం జీతం వచ్చేదీ అందులోనే. బయట ఉన్నవాళ్లకు మిగిలేది కాసిన్ని సిక్ లీవులు, ఆ తర్వాత లాస్ ఆఫ్ పే. ఇక తండ్రుల సంగతి అడగొద్దు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల సెలవుంది. ప్రైవేటులో చట్టమే లేదు, మేనేజర్ దయ.

నాకు దీనికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది కాగితం. రోజుకూలీ మీద, మస్టర్ రోల్ (హాజరు పట్టీ) మీద పనిచేసే ఆడవాళ్లకూ ప్రసూతి ప్రయోజనం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2000లోనే ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ కేసులో తేల్చింది. కానీ మస్టర్‌లో పేరే లేకపోతే? జడ్చర్ల పోలేపల్లి సెజ్‌కు పొద్దున్నే బస్సెక్కే అమ్మాయైనా, రైస్‌మిల్లులో ఊడ్చే ఆమైనా కాంట్రాక్టర్ కింద చేరితే చేతిలో అపాయింట్‌మెంట్ లెటర్ ఉంటుందా, పేస్లిప్ ఉంటుందా అన్నదే మొదటి ప్రశ్న. పాత ప్రసూతి ప్రయోజన చట్టం ఏ యజమానిని అడుగుతున్నామో ఆయన దగ్గరే 80 రోజులు చేసి ఉండాలంది. కాంట్రాక్టర్ మారాడంటే లెక్క మళ్లీ ఒకటి నుంచి. ఈఎస్‌ఐ నంబరు అలా కాదు, అది మనిషి వెంటే వస్తుంది. ఇద్దరు ముగ్గురు యజమానుల దగ్గర చేసినా చందా కట్టిన రోజులన్నీ కలుస్తాయి. పాలమూరు కూలీ ఏ ఊరికి వెళ్లినా వెంట తీసుకెళ్లగలిగిన హక్కులు ఎన్నున్నాయి? ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు ప్రతి కార్మికుడికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలంటున్నాయి. ఆ లెటర్ మీద ఈఎస్‌ఐ నంబరు కూడా వేయించాలని కార్మిక సంఘాలు ఇప్పుడే పట్టుబట్టాలి.

ఇక ఈఎస్‌ఐకి 21 వేల పరిమితి 2017 జనవరిలో పెట్టింది. అప్పటి నుంచి కిరాయిలు పెరిగాయి, జీతాలు పెరిగాయి, గీత మాత్రం చాలా ఏళ్లు అక్కడే ఉండిపోయింది. దాన్ని పెంచడానికి పార్లమెంటులో కొత్త బిల్లు అక్కర్లేదు, కేంద్రం నోటిఫికేషన్ ఇస్తే సరిపోతుంది. మన ఎంపీలు ఢిల్లీలో కార్మిక మంత్రి దగ్గరికి పట్టుకెళ్లాల్సిన వినతిపత్రం ఇదే.