మన అడ్రస్ ప్రూఫ్ ఓనరు బీరువాలో

మూడేళ్ల కిందట కూకట్‌పల్లిలో ఓ అపార్ట్‌మెంట్‌లో అద్దెకు దిగినప్పుడు ఓనరు ఆంటీ మొదట అడిగింది అడ్వాన్సు కాదు, ఆధార్ జిరాక్సులు. "ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందివీ ఇవ్వండి బాబూ, రేపు పోలీసులు అడిగితే చూపించాలిగా" అన్నారు. ఇచ్చాం. నాలుగు నెలల తర్వాత ఆధార్‌లో అడ్రస్ మార్చుకుందామని కరెంటు బిల్లు కాపీ, అగ్రిమెంటు మీద ఓ సంతకం అడిగితే ఆవిడ మొహం మారిపోయింది. "అవన్నీ మా అబ్బాయి చూసుకుంటాడు, వాడేమో డల్లాస్‌లో ఉన్నాడు. అయినా అడ్రస్ మారిస్తే రేపు ఇల్లు మాదేనంటారట కదా?"

మేం ఎవరమో తెలియడానికి ఆవిడకి మా కాగితాలు కావాలి. మేం ఎక్కడున్నామో ప్రభుత్వానికి చెప్పుకోడానికి మాకు ఆవిడ కాగితాలు కావాలి. మొదటిది ఒక్క పూటలో అయిపోయింది. రెండోది ఇల్లు ఖాళీ చేసేదాకా కాలేదు. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకి ఇది కొత్తేం కాదు. కానీ ఓనరు మంచివాడా కాదా అన్నంతవరకే మాట్లాడుకుని ఊరుకుంటాం. అసలు చిక్కు వేరే ఉంది. ఫలానా చోట కాపురముంటున్నాం అనే రుజువుని ఇంటి యజమాని దయ మీద ఆధారపడేలా తయారుచేసి పెట్టారు.

అగ్రిమెంటు సంగతే చూడండి. జిరాక్స్ షాపులో వంద రూపాయల స్టాంపు పేపరు మీద రెడీమేడ్ ఫార్మాట్లో పేర్లు మార్చి ప్రింటు తీస్తారు. పక్కనే నోటరీ ఉంటే ముద్ర కూడా పడుతుంది. గడువు 11 నెలలు. ఎందుకు 11 అంటే, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి కదా అంటారు. 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం, సెక్షన్ 17 ప్రకారం అది నిజమే. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ సెక్షన్‌ని సవరించింది. 1999 ఏప్రిల్ 1 నుంచి ఇక్కడ స్థిరాస్తి లీజు ఎన్నాళ్లదైనా రిజిస్టర్ చేయించాల్సిందే. అంటే ఏ మినహాయింపు కోసమని 11 నెలలు రాస్తున్నామో, ఆ మినహాయింపు మన దగ్గర పాతికేళ్ల కిందటే పోయింది. అయినా రెండు రాష్ట్రాల్లోనూ జిరాక్స్ షాపుల్లో అదే ఫార్మాట్ నడుస్తోంది, మనమూ అదే సంతకం పెడుతున్నాం.

ఆ కాగితం చాలదని తెలిసేది ఆఫీసు కౌంటర్ దగ్గరే. ఓటరు జాబితాలో చిరునామా మార్పుకి ఫారం 8 ఉంది. చిరునామా రుజువుల్లో అద్దెదారుల కోసం రాసిన మాట 'రిజిస్టర్డ్' లీజ్ డీడ్. దానికోసం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి ఓనరు రావాలి, స్టాంపు డ్యూటీ కట్టాలి, అద్దె ఎంతో రికార్డులోకి ఎక్కాలి. నెలకి ఇరవై వేలు చేతికి తీసుకుంటూ ఇన్‌కమ్ ట్యాక్స్‌లో చూపించని ఓనరు ఎందుకు వస్తాడు? నిజాయితీగా పన్ను కట్టే ఓనర్లకీ భయాలున్నాయి, అవి ఉత్తుత్తివి కావు. ఖాళీ చేయని అద్దెదారుతో కోర్టుల చుట్టూ ఏళ్లకేళ్లు తిరిగిన కథ ప్రతి కాలనీలో ఒకటుంటుంది. కాకపోతే ఆధార్ మీది అడ్రస్‌తో ఇంటి మీద హక్కు పుట్టుకొస్తుందన్న భయానికి మాత్రం అర్థం లేదు. అది పౌరసత్వానికే రుజువు కాదని కార్డు మీదే అచ్చేస్తున్నారు, ఇక ఇంటికి ఎలా అవుతుంది?

చట్టం ఈ విషయంలో మన ఆఫీసుల కన్నా తెలివిగా ఉంది. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ఓటు హక్కుని 'మామూలుగా నివసించే' చోటుతో ముడిపెట్టింది. కేవలం ఇల్లు ఉన్నంత మాత్రాన ఆ నియోజకవర్గంలో నివసిస్తున్నట్టు కాదని సెక్షన్ 20 విడిగా చెప్పింది కూడా. చట్టం అడిగేది ఎక్కడ ఉంటున్నావని, కౌంటర్‌లో అడిగేది కరెంటు బిల్లు ఎవరి పేరున ఉందని. ఈ తేడా ఎలా ఉంటుందో చూడాలంటే పోలింగ్ ముందు రోజు హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీది పంతంగి టోల్‌గేట్ దగ్గర నిలబడితే చాలు. 2024 మే 13న రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒకేరోజు పోలింగ్ పెడితే, విజయవాడ రోడ్డంతా కార్లు, బస్సులు. సొంతూరి మీద ప్రేమతో వెళ్లేవాళ్లు చాలామందే, కాదనను. ఇక్కడికి మార్చుకునే దారిలేక వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఆ ఎన్నికల్లో హైదరాబాద్, సికింద్రాబాద్ స్థానాల్లో పోలింగ్ 50 శాతానికి కూడా చేరలేదు. నగరవాసుల బద్ధకం అని తిట్టడం తేలిక. ఉన్నచోట లేని ఓట్లు, లేనిచోట ఉన్న ఓట్లు ఎన్నో కూడా లెక్క చూడాలి. 2025లో బిహార్‌లో ఓటరు జాబితాకి చేసిన ప్రత్యేక సవరణలో ముసాయిదా జాబితా నుంచి సుమారు 65 లక్షల పేర్లు పోయాయి. వేరే చోటికి వెళ్లిపోయారనేది అందులో పెద్ద కారణం. అలాంటి సవరణ జరిగినప్పుడు మొదట టెన్షన్ పడేది ఇల్లు మారినవాళ్లే.

ఆధార్‌లో ఇబ్బంది ఇంకో రకం. ఏ రుజువూ లేనివాళ్ల కోసం ఒకప్పుడు అడ్రస్ వాలిడేషన్ లెటర్ ఉండేది. మనం ఉంటున్న ఇంటి ఓనరో, చుట్టమో తన ఆధార్‌తో ఒప్పుకుంటే పోస్టులో సీక్రెట్ కోడ్ వచ్చేది. 2021లో దాన్ని ఆపేశారు. 2023లో 'కుటుంబ పెద్ద' పద్ధతి తెచ్చారు. ఇంట్లో ఒకరి ఆధార్‌లో కొత్త అడ్రస్ ఉంటే, వాళ్లు 30 రోజుల్లో ఆన్‌లైన్‌లో ఓకే అంటే మిగతావాళ్లకీ మారుతుంది. మంచిదే. కానీ ఆ మొదటి మనిషికి ఎలా మారాలి? అమీర్‌పేట హాస్టల్ గదిలో ఉండే కోచింగ్ కుర్రాళ్లలో కుటుంబ పెద్ద ఎవరు? గెజిటెడ్ అధికారో ఎమ్మెల్యేనో సంతకం చేసిన సర్టిఫికెట్ కూడా చెల్లుతుంది, మూడు నెలల్లోపు వాడుకోవాలి. మనల్ని ఎప్పుడూ చూడని ఎమ్మెల్యే మన అడ్రస్‌కి సాక్షి అన్నమాట.

బ్యాంకుల విషయంలో కేంద్రం ఒక అడుగు వేసింది. ఆధార్‌లో పాత అడ్రస్ ఉన్నా ఇప్పుడుంటున్న చోటు సొంతంగా రాసిస్తే చాలని 2019 నవంబరులో నిబంధన మార్చారు. రూల్ అది. మా బ్రాంచిలో మాత్రం ఆ మాట ఎత్తితే "సిస్టమ్ తీసుకోదండీ" అన్నారు.

ఇదంతా మార్చలేనిదేం కాదు. రేషన్ చూడండి. 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కలిసి పోర్టబిలిటీ మొదలుపెట్టాయి, దేశంలో మొదటి రెండు జంటల్లో మనది ఒకటి. వేలిముద్ర వేస్తే అవతలి రాష్ట్రంలోనూ బియ్యం ఇవ్వాలి, ఇంటద్దె కాగితంతో పనిలేదు. తెలంగాణలో 2024లో మొదలైన ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో కూడా అద్దెకుండేవాళ్లని చేర్చుకున్నారు. మీటరు ఓనరు పేరున ఉన్నా, నెంబరు ఇచ్చి రేషన్ కార్డు, ఆధార్ జత చేస్తే చాలు. మరి అదే మీటరు బిల్లు అదే మనిషికి అడ్రస్ ప్రూఫ్‌గా ఎందుకు పనికిరాదు? చివరికి గ్యాస్‌లో కూడా ఐదు కిలోల 'ఛోటు' సిలిండర్‌ని అడ్రస్ ప్రూఫ్ లేకుండా అమ్ముతున్నారు. రేటు ఎక్కువ పడుతుంది, అది వేరే బాధ.

జర్మనీలో చదువుకుంటున్న మనవాళ్లకి దీనికి పూర్తి ఉల్టా అనుభవం. అక్కడ ఇల్లు మారిన రెండు వారాల్లో మున్సిపల్ ఆఫీసులో నమోదు చేసుకోవాల్సిందే. దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. అయితే 2015 నవంబరు నుంచి, అద్దెకొచ్చినవాళ్లకి 'దిగారు' అని ఒక కాగితం రాసివ్వడం ఇంటి యజమాని బాధ్యత. ఇవ్వకపోతే జరిమానా. అక్కడా దొంగచాటుగా గది ఇచ్చి "నమోదు మాత్రం కుదరదు" అనేవాళ్లున్నారు, మన పిల్లలు అలాంటి గదుల్లో ఇరుక్కున్న సందర్భాలూ వింటుంటాం. కానీ కాగితం ఇవ్వని ఓనరు తప్పుచేసినవాడవుతాడు, అడిగినవాడు కాదు.

మన దగ్గర యంత్రాంగం సగం తయారుగానే ఉంది. కుటుంబ పెద్ద ఫోన్‌కి వెళ్లే ఆ ఓకే మెసేజ్, ఓనరు ఫోన్‌కి వెళ్లేలా చేయొచ్చు. గడువులోగా పలకకపోతే అప్లికేషన్ కొట్టేయకుండా ఇంటికి మనిషిని పంపొచ్చు. ఈ మనిషిని పంపే పద్ధతి ఎన్నికల సంఘానికి ఇప్పటికే ఉంది. చెప్పిన కాగితాలేవీ లేకపోతే క్షేత్ర పరిశీలన చేయాలని వాళ్ల ఫారంలోనే రాసుంది.

నా ఓటు చివరికి అలాగే మారింది. అప్పటికి ఇంకో ఇల్లు మారాం. బూత్ లెవెల్ ఆఫీసర్ వచ్చే సమయానికి మేం ఆఫీసుల్లో ఉన్నాం. సెల్లార్‌లో వాచ్‌మన్ ఉన్నాడు. ఫ్లాట్ నెంబరు, ఎప్పటినుంచి ఉంటున్నాం, ఇంట్లో ఎంతమందిమి, అన్నీ గడగడా చెప్పేశాడట. ఆ ఆఫీసర్ రాసుకుని వెళ్లిపోయారు. సాయంత్రం థ్యాంక్స్ చెప్పి, నీ ఓటెక్కడ అని అడిగాను. "కొడంగల్ దిక్కు సార్. తొమ్మిదేండ్లాయె ఇక్కడికొచ్చి. నాకెవరు రాసిస్తరు?" అన్నాడు.