మా మామ్మ పేరు ముక్కలు చేయకండి

మా మామ్మ పేరు పైడితల్లి. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధిలో ఎవరికీ కొత్త కాని పేరు. కాగితం మీదకొస్తేనే గొడవ. రేషన్ కార్డులో పేరు ‘పైడి’, ఇంటిపేరు ‘తల్లి’! ఆధార్‌లో ‘పైడితాలి’. ఒకదానికొకటి కలవట్లేదని మూడు నెలలుగా పెన్షన్ ఆపేశారు. నిన్న కౌంటర్లో కుర్రాడు, "సింపుల్‌గా ఇంకో పేరు పెట్టుకోండి" అన్నాడు. మామ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. నాకు కడుపు మండిపోయింది.

పైడి అంటే బంగారం. పైడితల్లి విజయనగరం అమ్మవారి పేరు. ఆ అమ్మవారు అక్కడి రాజు విజయరామరాజు చెల్లెలని, 1757లో బొబ్బిలి యుద్ధంలో అన్న పోయాక తనూ ప్రాణం విడిచిందని, పెద్దచెరువులో విగ్రహమై దొరికిందని మావాళ్లు చెప్పుకుంటారు. దసరా తర్వాత మంగళవారం విజయనగరంలో జరిగే ఆ అమ్మవారి జాతర, సిరిమానోత్సవానికి మా ఇంటి నుంచీ వెళ్తాం. అక్కడ మొక్కుకుంటే పుట్టిందని మామ్మకు ఆ పేరు పెట్టారు. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది. అంతమాత్రాన మొక్కులూ పేర్లూ వదిలేస్తామా?

నా కూతురికి మామ్మ పేరు పెడదామంటే ఇంట్లోవాళ్లే వద్దంటున్నారు. బడిలో, బ్యాంకులో పిల్లకు ఈ టెన్షన్ ఎందుకట. మామ్మ వింటుండగానే అన్నారు. సోమవారం అఫిడవిట్ కోసం మళ్లీ వెళ్లాలి.