కనుబొమల మాస్టారు

బధిర పిల్లలకు పాఠాలు చెప్పడానికి ఘనా బయల్దేరిన వాలంటీరుకు మొదటి వారంలో ఒక భ్రమ ఉంటుంది: సైగల భాష అంటే చేతుల పని అని. రాత్రి అద్దం ముందు కూర్చుని 26 అక్షరాలూ వేళ్ళతో వేసి, వేళ్ళు కొంకర్లు పోయేదాకా వేసి, తెల్లారేసరికి భాష వచ్చేసిందనుకుంటాడు. వాలంటీర్లను విదేశాలకు పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ పీస్ కోర్ లెక్కలో కొలువు మొత్తం 27 నెలలు, అందులో మొదటి మూడూ ట్రైనింగ్. ఆ మూడు నెలల్లో చేతులు ఎలాగోలా దారికొస్తాయి. కనుబొమలు రావు.

ఇంగ్లీషు నడిచే దేశమే కదా అని బ్రిటిష్ సైగలు నేర్చుకుని దిగినవాడి సంగతి ఇంకా కష్టం. అతను రెండు చేతులతో అక్షరాలు అల్లుతుంటే పిల్లలు ఒంటిచేత్తో చకచకా పేర్లు చెప్పేస్తుంటారు. ఆండ్రూ ఫాస్టర్ అనే బధిర అమెరికన్ 1957లో ఘనా రాజధాని అక్రాలో బధిరులకు బడి పెట్టాడు. ఆయనతో వచ్చినవి అమెరికా సైగలు. ఇప్పటి ఘనా సైగలకు మూలం అవే, కాకపోతే స్థానికంగా చాలా కలిశాయి, కొన్ని మారాయి.

ఇక్కడ అంగుళాల పేచీ ఒకటుంది. అమెరికన్ సైగల్లో చూపుడు వేలు కొక్కెంలా వంచి, కణుపును చెంపకు ఆనించి మెలిపెడితే ఆపిల్. కంటి పక్కన మెలిపెడితే ఉల్లిపాయ. నుదుటి మీద అడ్డంగా లాగుతూ వేలు వంచితే వేసవి. అదే పని ముక్కు దగ్గర చేస్తే అందవికారం, గడ్డం దగ్గరైతే ఎండిపోయింది. ‘మీ వేసవి బాగుంది’ అందామని లేచినవాడి చెయ్యి కాస్త కిందికి జారిందా, మర్యాద మొత్తం ముక్కు దగ్గరే పోతుంది.

అయినా ఇవి చిన్న తప్పులే. పిల్లలు నవ్వి దిద్దుతారు. అసలు కొంప ముంచేది మొహం. అవునా కాదా అని అడిగే ప్రశ్నకు కనుబొమలు పైకి లేవాలి, తల కాస్త ముందుకు వంగాలి, చివరి సైగను ఒక్క క్షణం అలా పట్టి ఉంచాలి. ఎవరు, ఏమిటి, ఎక్కడ అని అడిగేటప్పుడు కనుబొమలు ముడిపడాలి. తెలుగులో ‘అయింది’కి చివర దీర్ఘం తగిలిస్తే ‘అయిందా’ అవుతుంది. ఇక్కడ ఆ దీర్ఘం కనుబొమల్లో ఉంది.

ప్రాక్టీసు క్లాసు మొదటి రోజు చూడండి. లెక్కలు బోర్డు మీద రాసిచ్చిన పావుగంటకు వాలంటీరు ‘అయిందా?’ అని అడగబోతాడు. అరచేతులు తనవైపు పెట్టి, చటుక్కున బయటికి తిప్పుతాడు. సైగ అద్భుతం. మొహం మాత్రం పాస్‌పోర్టు ఫోటో. పిల్లలకు అందింది ఒక్కటే ముక్క: ‘అయిపోయింది.’ పుస్తకాలు మూశారు, సంచులు సర్దారు, రెండు చేతులూ పైకెత్తి ఆడించారు. వాళ్ళ చప్పట్లు అవే.

కంగారులో గురువుగారు ‘ఆగండి!’ అని అరుస్తాడు. ఎవరికి వినపడాలి? లైటు ఆర్పి వెలిగించమని ట్రైనింగులో చెప్పారు కదా అని స్విచ్చు నొక్కితే పట్టపగలు ఆ మినుకు ఎవరికీ ఆనదు. నేల మీద కాలితో తన్నాడు. చెక్క నేలైతే అదురు పిల్లల అరికాళ్ళకు తెలిసేది. సిమెంటు నేల కాబట్టి తెలిసింది తన మడమకే. చివరికి చేయవలసింది చిన్న పని: దగ్గర్లో ఉన్న పిల్లవాడి భుజం తట్టి, వెనకవాళ్ళను చూపించడం. ఒకరినొకరు తట్టుకుంటూ అర నిమిషంలో క్లాసంతా ఇటు తిరుగుతుంది.

బుద్ధి వచ్చి, మర్నాడు కనుబొమలను నెత్తి మీదికి ఎత్తి, దించకుండా క్లాసులోకి వస్తాడు. ‘ఇవాళ పరీక్ష’ అని చెబుతాడు. పిల్లలకు అది ‘ఇవాళ పరీక్షా?’ అయింది. అందరూ ఒక్కుమ్మడిగా చూపుడు, నడిమి వేళ్ళను బొటనవేలికి టపుక్కున తగిలించారు: కాదు. అంత ఏకాభిప్రాయం ముందు ప్రశ్నపత్రాలు ఎవడు పంచగలడు!

పెదాలు చూసి అర్థం చేసుకుంటారులే అన్న ఆశ కూడా పెట్టుకోకూడదు. ‘పాప’, ‘మామ’ అని చప్పుడు లేకుండా అద్దంలో అని చూసుకోండి, తేడా పట్టుకోండి చూద్దాం. పైగా బోర్డు వైపు తిరిగి చెబితే వీపు, కిటికీకి వీపు పెట్టి నిలబడితే నల్లటి నీడ. చేతిలో సుద్దముక్క ఉంటే ప్రతి అక్షరానికీ నత్తి.

నెల తిరిగేసరికి సైగపేరు పెడతారు. అది ఎవరికి వారు పెట్టుకునేది కాదు, బధిరులే ఇవ్వాలి. వాలంటీరు తన పేరు మొదటి అక్షరాన్ని గుండె మీద పెట్టి గంభీరంగా ఉండేదేదో ఊహించుకుని, వారం ముందే అద్దంలో సాధన చేసి ఉంటాడు. పిల్లలు కాసేపు తమలో తాము చర్చించుకున్నారు. వెనక బెంచీ పిల్ల లేచి, రెండు చూపుడు వేళ్ళు కళ్ళపైన ఆనించి గబుక్కున పైకి ఎగరేసింది.

క్లాసంతా చేతులు పైకెత్తి ఆడించింది.